తాపీమేస్త్రి సొంత గోడ

ఎందరికో ఇళ్లు కట్టిన తాపీమేస్త్రి చివరికి తనకూ ఒకటి కట్టుకున్నాడు. ఏడాది తిరక్కుండానే ముందుగది గోడ బీటవారింది. పూడ్చాడు. మళ్లీ విచ్చింది. పోనుపోను గోడ రెండు ముక్కలై ఒకటి వీధివైపు, ఒకటి పెరటివైపు జరిగాయి.

"సొంత గోడే నిలబెట్టుకోలేనివాడు మనకేం కడతాడు?" అని జనం నవ్వారు. పనులకు పిలవడం మానేశారు. తప్పెక్కడ జరిగిందోనని అతను పునాది తవ్వి మరీ వెతికాడు.

నేలను పరిశీలించే శాస్త్రవేత్త ఒకామె వచ్చి చూసింది.

"తప్పు మీది కాదన్నా. లక్షల ఏళ్ల కిందట ఇక్కడ చిన్నచిన్న పగుళ్లు పడ్డాయి. అవి పెరిగి, ఒకదాంతో ఒకటి కలిసి, వందల మైళ్ల చీలికయ్యాయి. దానికి చెరోపక్క నేల ఒరుసుకుంటూ చెరో దిక్కుకు జరుగుతోంది. మీ గోడ సరిగ్గా దానిమీదుంది."

"ఎప్పటికి ఆగుతుందమ్మా?"

"మన తరాల్లో ఆగదు. ఇంకా లక్షల ఏళ్లు జరుగుతుంది."

ఆమె వెళ్లగానే భార్య మొహం వెలిగింది. "విన్నావా, నీ తప్పు కాదంట! ఇక తలెత్తుకు తిరుగు."

అతను గోడవారనే కూలబడ్డాడు.

"నా తప్పయితే దిద్దుకునేవాణ్ణే" అన్నాడు.

పొద్దున కలిపిన సిమెంటు తట్టలోనే గడ్డకట్టింది. అతను దాన్నిక ముట్టుకోలేదు.