జక్రయ్య మేస్త్రీ బీమా పిచ్చి

మా జక్రయ్య మేస్త్రీకి లోకంలో ఒకటే పిచ్చి, బీమా. ఏజెంటు కాదు, కమీషను రాదు. అయినా మనిషి ఎదురైతే "బాగున్నావా" అనడు, "ప్రమాద బీమా ఉందా" అంటాడు. ఒక పెళ్ళిలో చదివింపుల కవరులో నోటుతో పాటు బ్యాంకు ఫారం కూడా పెట్టాడు. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి, "దేవుడు కాపాడతాడు, కాదనను. ఏడాదికి ఇరవై రూపాయలు కూడా కట్టండి" అని కూర్చున్నాడు. ఆమెన్ అనాలో వద్దో పాస్టరు గారికి తోచలేదు.

ప్రత్తిపాడు దగ్గర పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో ఆయన ఆడకూలీలకు మేస్త్రీ, నేను కాటా గుమస్తాను. ఆయన ఫారాలు పట్టుకుని వస్తుంటే కూలీలు పత్తి బోరాల వెనక దాక్కునేవాళ్ళు. వదిలితేగా. అందరిలోకీ ఫెబా మొండిది.

"నాకేమవుద్ది మేస్త్రీ గారూ?"

"ఏం కాకపోతే ఇరవై రూపాయలేగా పోయేది. ముద్ర ఎయ్యమ్మా."

పోరు పడలేక వేసింది. రెండేళ్ళ కిందట జనవరిలో జిన్ను రోలర్లు ఆమె కుడిచేతిని మోచేతిదాకా లాగేసుకున్నాయి. నవ్విద్దామని మొదలుపెట్టి ఇది చెప్పాల్సి వస్తోంది, ఏం చేయను. మొగుడు పోయిన మనిషి. కూతురి నర్సింగ్ చదువు ఆ చేతిమీదే నడిచేది.

మేనేజరు కాగితం పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. "నీకు బ్యాంకు బీమా వస్తుందటగా. ఒక చేతికి రెండు చోట్ల ఇవ్వరమ్మా. మిల్లు నుంచి ఏమీ అక్కర్లేదని ఇక్కడ ముద్ర వెయ్."

పాపం, ఫెబా ఎడమ బొటనవేలు చాపింది. పక్కనే ఉన్న జక్రయ్య కాగితం లాగేసుకున్నాడు.

"మేనమామ చీర పెట్టాడని అత్తింటోళ్ళు మానేస్తారా సార్? బ్యాంకుది ఆమె కట్టుకున్నది. మిల్లుది మిల్లు ఇయ్యాల్సింది. దేని దారి దానిదే."

సంగతి కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్ళింది. అక్కడ మేనేజరు రిజిస్టరు తీశాడు. అందులో ఫెబా పేరే లేదు. ఆమె వదిన ప్రేమమ్మ జబ్బుపడి మానేస్తే, ఆ పేరు మీదే ఫెబా నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. మా మిల్లులో అది మామూలే. పాత పేరు కొట్టేస్తే ఆ పని ఇంటికే దక్కకుండా పోతుందని కూలీల భయం.

"రిజిస్టరు ప్రకారం పనిచేసింది ప్రేమమ్మ. ఆవిడకి రెండు చేతులూ ఉన్నాయండి" అన్నాడు మేనేజరు.

అక్కడే నిలబడ్డ ప్రేమమ్మ, తప్పు చేసినదానిలా చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా తల దించుకున్నాను, నేను తినేదీ ఆ మిల్లు జీతమేగా.

జక్రయ్య లేచాడు. "తప్పు పేరు రాసింది నేనండి. ఫెబాని మిషను కాడ నిలబెట్టిందీ నేనే. రాసుకోండి, సంతకం పెడతా."

"మీ ఉద్యోగం పోతుందయ్యా" అన్నారు అధికారి.

"దానికి బీమా లేదండి" అన్నాడు జక్రయ్య.

ఆ సాయంత్రమే పోయింది. ఆ సంతకంతో ఫెబాకు మాత్రం బ్యాంకు బీమా, మిల్లు పరిహారం రెండూ వచ్చాయి. కూతురు మూడో ఏడాదిలోకి వచ్చింది.

జక్రయ్య ఇప్పుడు అరవై ఏళ్ళ వయసులో పత్తితీతకు వెళుతున్నాడు. ఫెబా ఒంటిచేత్తో తీసినంత కూడా తీయలేడు. "ఇంకా మొదటి సాలేనా మేస్త్రీ గారూ" అని ఆడవాళ్ళు ఆటపట్టిస్తారు. ఆయన మంచినీళ్ళకని గట్టుమీదికి వెళ్ళినప్పుడల్లా, ఫెబా తన ఒడిలోంచి నాలుగు గుప్పిళ్ళు తీసి ఆయన సంచిలో వేస్తుంది. సాయంత్రం సంచి తూకం చూసుకుని, "పని అలవాటవుతోందిరోయ్" అని ఆయన మురిసిపోతుంటాడు.