బండి హ్యాండిల్ ఊగిన వానాకాలం

మొన్న సారపాకలో మా అమ్మాయి స్కూటరు సర్వీసుకిస్తే, నన్ను అద్దాల గది ఇవతల మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, కాసేపటికి ఒక అచ్చు కాగితం తెచ్చి చేతిలో పెట్టారు. ఏమేం చూశారో, ఏమేం మార్చారో అందులో వరుసగా ఉంది. 'ముందు చక్రం వణుకు: సరిచేయబడింది' అన్న ముక్క దగ్గర నా చూపు ఆగిపోయింది. ఎందుకు వణికిందని అడిగితే కౌంటరు దగ్గరి పిల్ల నవ్వి, సరైపోయింది కదా మేడం అంది. నేను మాత్రం ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుని, ఇంటికి వచ్చేదాకా ముప్పై ఏళ్ళ కిందటి ఒక వానాకాలంలోనే ఉండిపోయాను.

అప్పట్లో నేను నర్సమ్మను. భద్రాచలం చుట్టుపక్కల అడవి అంచు గూడేలు తిరిగి, పిల్లలకు సూదులు వేసి, నెలలు నిండినవాళ్ళను చూసి రావడం నా కొలువు. కొత్తగూడెం బొగ్గు బావిలో పనిచేసి రిటైరైన మా నాన్న తన మోటారు సైకిల్ నాకిచ్చి, తానే పక్కన పరుగెత్తుతూ నడపడం నేర్పించాడు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని గేరు మార్చే ఆడమనిషిని చూడటానికి ఆ రోజుల్లో మనుషులు టీ బంకులోంచి బయటికి వచ్చి నిలబడేవారని మన ఈడు వాళ్ళకు వేరే చెప్పాలా. మా ఆయన కాగితం మిల్లులో వెదురు దించే కాంట్రాక్టు పనికి సైకిల్ మీద వెళ్ళేవాడు. పెళ్ళాం బండి మీద, మొగుడు సైకిల్ మీద అని ఊళ్ళో నవ్వేవారు. ఆ నవ్వులు మా అత్తమ్మ చెవిన పడేవి. ఆమె నన్నేమీ అనేది కాదు గానీ, నేను బండి తీసేటప్పుడు గడపలో నిలబడి పెదవి బిగించి చూసేది. ఆ చూపు నాకు గిట్టేది కాదు.

ఆ ఏడు నాకు ఇంకో నాలుగు గూడేలు అప్పగించారు. మందుల సంచి, పిల్లల్ని తూచే కాటా, టీకాల ఐసు డబ్బా, అన్నీ మోయాలి గనక వెల్డింగు షాపులో చెప్పి బండి వెనకాల పొడుగ్గా ఒక ఇనుప క్యారియర్ చేయించుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. మరుసటి వారమో ఆపై వారమో, వేగం నలభై దాటగానే హ్యాండిల్ నా చేతుల్లో కొట్టుకోవడం మొదలుపెట్టింది. చలిజ్వరం వచ్చిన పిల్లవాణ్ణి పట్టుకున్నట్టుండేది. వేగం తగ్గిస్తే ఆగేది, పెంచితే మళ్ళీ మొదలు. చిత్రమేమిటంటే కొన్ని రోజులు అసలు ఊగేదే కాదు.

మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. అతను ముందు భాగం కింద మొద్దు పెట్టి చక్రాన్ని గాల్లోకి లేపి, సుద్దముక్క దగ్గరగా పట్టి తిప్పాడు. గీత చుట్టూ సమంగా పడింది, చక్రం వంకర లేదు. చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులు ముందుకూ వెనక్కూ లాగి చూశాడు, ఎక్కడా టక్కుమనలేదు. హ్యాండిల్ కింద ఉండే బేరింగు గుండ్లు తీసి కొత్తవి వేశాడు. తర్వాత తానే ఒక రౌండు తిరిగి వచ్చి, బండికి ఏమీ లేదమ్మా, చేతులు గట్టిగా పట్టుకుంటే ఊగదు అన్నాడు. అంటూ నా చీర వంక ఒకసారి చూశాడు. పాత గుండ్లే కడిగి మళ్ళీ వేసి ఉంటాడని ఇంటిదాకా అనుకుంటూ వచ్చాను.

మా మరిది అప్పుడు మిల్లు దగ్గర లారీల షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. అతణ్ణి నడిపి చూడమన్నాను. ఊరి చివరిదాకా పోయి వచ్చి, "నేను నడిపితే ఊగుతలేదు వదినా" అని తల గోక్కున్నాడు. ఆ మాట నా మనసులో ముల్లులా దిగింది. అందరూ నడిపితే ఊగని బండి నేను ఎక్కితేనే ఎందుకు ఊగుతుంది?

అనుమానం ఒకసారి మొదలైతే దానికి మేత ఎక్కడైనా దొరుకుతుంది. ఒక ఉదయం వంట మధ్యలో బయటికి వస్తే అరుగు మీద పానా కనిపించింది. అత్తమ్మా మరిదీ ఏదో మాట్లాడుకుంటూ నేను రాగానే మానేశారు. ఆ ఆదివారం చర్చిలో, ప్రార్థన అవసరాలు చెప్పమని పాస్టరు గారు అడిగినప్పుడు, అత్తమ్మ లేచి నిలబడి మా కోడలి చేతుల కోసం ప్రార్థన చేయండి అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. దీనికి బండి నడపడం చేతకాదని సంఘమంతటికీ చాటడానికే అలా అందని నేను నమ్మాను. మా ఆయనతో చెప్పుకుంటే, నీకు అన్నీ అట్లనే కనిపిస్తాయి అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దాంతో ఆయన మీద కూడా నాకు నమ్మకం సడలింది.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. పుండ్లకు రాసే ఊదారంగు మందును అగ్గిపుల్లతో ముంచి, ముందు చక్రం ఇరుసు నట్టు మీదా దాని పక్కన ఫోర్కు మీదా కలిసేట్టు సన్నటి గీతలు గీశాను. ఎవరైనా నట్టు కదిపితే గీత తప్పుతుంది. రోజూ బండి తుడిచే మిషతో వంగి చూసేదాన్ని. అయిదు రోజులు గీత చెదరలేదు. ఆరో రోజు, శనివారం ఉదయం, గీత విరిగి ఉంది. పానా తెచ్చి నట్టు గట్టిగా బిగించుకుని, సామాను కట్టుకుని, పళ్ళు బిగబట్టి బయల్దేరాను.

వాగు దగ్గర కల్వర్టు దిగుడులో హ్యాండిల్ ఎంతగా కొట్టుకుందంటే పట్టు తప్పి పక్క ఇసుకలో పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది. ఐసు డబ్బా మూత ఊడి టీకా మందులన్నీ ఎండలో చెల్లాచెదురయ్యాయి. వెదురు కొమ్ముల సంచి నెత్తిన పెట్టుకుని వస్తున్న కోయ ఆడమనిషి ఒకామె సంచి దించి, తన భాషలో ఏదో ఓదారుస్తూ నాతోపాటు సీసాలు ఏరింది. అవి ఇక పనికిరావు. గూడెంలో తల్లులు పిల్లల్ని ఎత్తుకుని కూర్చుని ఉంటారు, నేను వట్టి చేతులతో వెనక్కి తిరగాలి. దారి పొడుగునా ఏడ్చాను, ఆ ఏడుపు ఇల్లు చేరేసరికి కోపమైంది.

అత్తమ్మ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురొచ్చింది. గ్లాసు అందుకోకుండానే అనేశాను. "మీరందరు కలిసి నన్ను చంపాలని చూస్తున్నరు."

ఆమె ముఖం తెల్లబోయింది. లోపలి నుంచి మరిది పరుగున వచ్చి, "నట్టు ఇప్పింది నేనే వదినా. అమ్మనే చూడమన్నది. చక్రంల ఏమన్న ఉన్నదేమోనని ఇప్పి మళ్ళ బిగిచ్చిన. నీకు చెప్తే కోపానికొస్తవని చెప్పలే" అన్నాడు. నేను నమ్మలేదు. నమ్మనని నా ముఖమే చెప్పి ఉండాలి.

అత్తమ్మ గ్లాసు కింద పెట్టి నా గాయపడ్డ చేతిని తన చేతిలోకి తీసుకుంది. "నాకు బండి సంగతి ఏం తెల్వదు బిడ్డా. కానీ ఐసు డబ్బా కట్టుకపోయిన నాడే నీ చేతులు వణుకుతున్నయ్. బుధారం, శనారం. ఆ రెండు రోజులు నువ్వు గిలాస పట్టుకుంటే నీళ్ళు ఒలుకుతున్నయ్. తతిమ్మ రోజులు మంచిగనే ఉంటున్నవు. నెల సంది చూస్తున్న."

మరిదికి అప్పుడు తట్టింది. మెకానిక్ నడిపినా, తాను నడిపినా ఖాళీ బండే నడిపారు. అప్పటికప్పుడు డబ్బా నిండా రాళ్ళు పోసి, క్యారియర్ చివర కట్టి, మిల్లు వెనక రోడ్డు మీదికి తీసుకుపోయాడు. తిరిగి వచ్చేసరికి చెమటలు పట్టి ఉన్నాడు. "బరువంత ఎనకకు లాగుతున్నది వదినా. ముందు చక్రం నేల మీద ఆనుతనే లేదు." నేను ముచ్చటపడి చేయించుకున్న క్యారియరే అది. ఊళ్ళో అందరినీ అనుమానించాను గానీ దాని వంక ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ సాయంత్రమే దాన్ని ఊడదీశాం. డబ్బాను సీటు మీద నా వీపుకు ఆనేట్టు కట్టి, మందులు రెండు సంచుల్లో సగం సగం చేసి అటూ ఇటూ వేలాడదీశాం. బుధవారం నాడు నలభై దాటించాను, యాభై ముట్టించాను. హ్యాండిల్ కదలలేదు. శనివారం మిగిలిపోయిన పిల్లలందరికీ ఆ రోజు సూదులు పడ్డాయి. ఇంటికి రాగానే అత్తమ్మ గ్లాసు ఇచ్చి, నేను తాగేదాకా నిలబడి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

చంపాలని చూస్తున్నరన్న మాటను ఆమె మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. క్షమించమని నేనూ అడగలేదు. అడిగే అవసరం కూడా రాలేదనిపిస్తుంది. మర్నాడు ఆమె పొయ్యి రాజేస్తే నేను బియ్యం కడిగాను, ఒకే చాప మీద కూర్చుని తిన్నాం, అలా తింటూ తింటూ ఆ మాట దానంతటదే అరిగిపోయింది. ఆమె పోయి పన్నెండేళ్ళు దాటింది.

ఇప్పుడు ఆ వాగు మీద పెద్ద వంతెన పడింది, నర్సు పిల్లలు స్కూటర్ల మీద దూసుకుపోతుంటే తల తిప్పి చూసేవాళ్ళు లేరు. చూస్తే ఎంత సంతోషంగా ఉంటుందో. మా ఇంటి సంగతే వేరుగా ఉంది. పోయిన ఈస్టరుకు నేనన్న ఏదో మాటకు మా పెద్దకోడలు నన్ను అనుమానించింది, ఆమె మౌనాన్ని నేను అనుమానించాను. ఆమె ఖమ్మంలో, నేను ఇక్కడ. ఫోను చేస్తే బాగున్నారా అంటే బాగున్నారా అనుకుని పెట్టేస్తాం. మా మాట అరగడానికి ఒక పొయ్యి లేదు, ఒక చాప లేదు.

ఈ ఆదివారం ఖమ్మం బస్సెక్కుదామనుకుంటున్నాను. ఏమీ అడగను. వంటింట్లోకి వెళ్ళి, ఆమె పక్కన కూర్చుని కూరగాయలు తరిగిపెట్టి వస్తాను.