కెమెరా ముందు సిలువ గుర్తు

మా ఆయన గవ్రిల్ పోయి రెండేళ్లయింది. ఇరవై ఆరేళ్లకు పైగా లారీ నడిపాడు. సుచావా నుంచి క్లుజ్, అక్కణ్ణుంచి హంగరీ సరిహద్దు దాకా. దారిలో చర్చి కనబడితే చాలు, కుడిచేయి స్టీరింగు మీంచి తీసి మూడుసార్లు సిలువ గుర్తు వేసుకునేవాడు. మా బుకోవినా ప్రాంతపు డ్రైవర్లంతా అంతే. మెస్తెకనిష్ కనుమ దిగేచోట, రోడ్డు పక్కనున్న చెక్క సిలువ దగ్గర మాత్రం తల కూడా వంచి కళ్లు మూసుకునేవాడు. ఆయన తమ్ముడు ఇలారియోన్ లారీ నడుపుతూ నిద్రపోయి లోయలో పడింది అక్కడే.

ఆయనకు యాభై మూడో ఏట కంపెనీ కొత్త బండి ఇచ్చింది. పక్కన అద్దాల బదులు తెరలు. ముందు ఏదైనా అడ్డొస్తే తనంతట తానే బ్రేకు వేసుకుంటుంది. స్టీరింగు పైన ఒక కెమెరా, డ్రైవరు కళ్లనే చూస్తూ ఉంటుంది; చూపు మళ్లినా, చేయి వదిలినా అరిచి ఆఫీసుకు చెప్పేస్తుంది.

"బండి కాదే సవేతా, మీ అమ్మ. రెప్ప వాలిస్తే గదమాయిస్తుంది."

"మా అమ్మ నీకు బోర్ష్ పులుసైనా పోసేది," అన్నాను.

నెల తిరక్కుండా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కెమెరా నుంచి హెచ్చరికలు ఇలాగే వస్తే రోడ్డు మీదికి పంపరు, గోదాములో వేస్తారు. సాక్ష్యానికి నువ్వు కూడా రా అని నన్నూ ఆఫీసుకు తీసుకెళ్లాడు. బండ్లు పంపించే దోయినా మా వీధి పిల్లే.

"వారంలో అరవై రెండుసార్లు పరధ్యానం, నాలుగుసార్లు నిద్రమత్తు. ఏం చేస్తున్నావ్ బాబాయ్?"

"దేవుణ్ణి తలుచుకుంటున్నా. అది తప్పని మీ మిషనుకి ఎవరు చెప్పారు, హేరోదు రాజా?"

"దానికి దేవుడెవరో తెలీదు. చేయి వదిలావా లేదా, అంతే."

"అయితే నేర్పించు. నా మనవరాలికి రెండేళ్లకే వచ్చింది."

దోయినా నవ్వింది. తర్వాత కంప్యూటర్ తెర మా వైపు తిప్పి, కెమెరా తీసిన వీడియో వేసింది. గడ్డం గుండెకానించి, కళ్లు మూసుకుని, మా ఆయన.

"ఇంతసేపట్లో యాభై మీటర్లు గుడ్డిగా పోయావు బాబాయ్. వెనకాల ఇరవై రెండు టన్నుల సరుకు."

"అది ఇలారియోన్ దగ్గర," అన్నాడు మెల్లగా. మళ్లీ వెయ్యమన్నాడు. మూడోసారి కూడా చూశాడు. "వాడూ ఇలాగే కనబడుంటాడు. ఈ అరిచేది అప్పుడు వాడి బండిలో ఉండుంటే..."

ఇక వాదించలేదు. ఇకమీద చేయి వదలనని కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చే దారిలో నేనే అన్నాను, మనసులో అనుకుంటే చాలదా అని. ఉద్యోగం నిలిచిందన్న సంతోషం నాది. ఆ తర్వాత ఒక్క హెచ్చరికా రాలేదు. వసంతానికి, మంచి డ్రైవరని ఆయన ఫొటో ఆఫీసు గోడ మీద పెట్టారు.

ఒక సాయంత్రం మమలిగా, మా మొక్కజొన్న సంకటి, తింటూ చెంచా ఆపేశాడు.

"ఇవాళ మెస్తెకనిష్ దాటానా?"

"నన్నడుగుతావేంటి?"

"క్లుజ్ నుంచి వచ్చాను కాబట్టి దాటే ఉంటాను. గుర్తు లేదు సవేతా. వాడు గుర్తు రాలేదు."

మరుసటి ఆదివారం మా పాత కారులో కనుమ మీదికి వెళ్లాం. చెక్క సిలువ కనబడగానే కారు నెమ్మది చేశాడు. నేను సిలువ గుర్తు వేసుకున్నాను. ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"ఇందులో కెమెరా లేదుగా."

"తెలుసు."

"మరి?"

"చెయ్యి లేవట్లేదే."

కారు పక్కకి ఆపించాను. ఆయన దిగలేదు. నేనే దిగి, సిలువ మీది ఇలారియోన్ పేరుకి పట్టిన నాచు గోటితో గీకి, వచ్చి కూర్చున్నాను.

"తలుపు సరిగ్గా వెయ్యి," అన్నాడు, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా.