పట్టపగలు దయ్యమైన బాలమణక్క

మా మనవరాలు టీవీలో దయ్యం సినిమా పెట్టింది. చచ్చిన పిల్ల ప్రేమించినవాడి వెంట పడుతుంటే మనవరాలు ఒకసారి పకపకా నవ్వుతుంది, ఒకసారి భయపడి నా కొంగు పట్టుకుంటుంది. ఆ సినిమా పిల్ల గొంతు మార్చి నవ్వగానే నాకు ఒళ్లు జలదరించింది. అలాంటి నవ్వు నేను చిన్నప్పుడే విన్నాను. ఇబ్రహీంపట్నంలో మా వాడకట్టు బాలమణక్క నవ్వు అది.

బాలమణక్క వాళ్లది భాగోతాలాడే ఇల్లు. ఆటలో ఆమె దయ్యమైన పెళ్లికూతురు, ఆమె భర్త పిరికి పెళ్లికొడుకు. వాళ్ల ఆట చూడడానికి కందుకూరు నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చేవారు. ఆ భర్తను రజాకార్లు చంపేశారు. ఆటా ఆగిపోయింది. పోలీసు చర్య జరిగి రజాకార్ల పీడ వదిలాక, మళ్లీ ఆ ఆటే కావాలని ఊరు అడిగింది. చీకటి పడితే గడప దాటడానికి జనం ఇంకా జంకుతున్నారు గనుక పగలే ఆడాలనుకున్నారు. ఎండలో దయ్యమేమిటని మా అమ్మ ఒకటే నవ్వు. అమ్మ నవ్వి ఎన్నాళ్లయిందో!

తీరా రంగు పూసుకునే వేళకు ఊరి పటేలు వచ్చాడు. "మొగడు పోయినదానివి. బొట్టు, గాజులు లేకుంట ఆడు" అన్నాడు.

"బొట్టు లేని పెళ్లిపిల్ల ఏడుంటది పటేలా?"

"అయితే ఆటనే వద్దు."

"వద్దు బిడ్డా, గింజలు పెట్టే ఊరితోని కయ్యం పెట్టుకుంటే ఎట్ల బతుకుతం?" అని ఆమె అత్త ఏడ్చింది.

బాలమణక్క అద్దం ముందు నుంచి లేవలేదు. "నాకు బొట్టు వద్దన్నరు, ఒప్పుకున్న. గిప్పుడు ఆడేది సచ్చిన పిల్ల. దయ్యం బొట్టు పెట్టుకునేటందుకు ఎవని ఇజాజత్ కావాలె?" అంటూ రూపాయంత బొట్టు దిద్దుకుంది. పటేలు విసవిసా బయటికి నడిచి, ముందు వరసలోనే కూర్చున్నాడు.

ఆ రోజు పెళ్లికొడుకు వేషం ఆమె మరిది కట్టాడు. "బావా, తాళి మర్చిపోయినవ్, నేనే తెచ్చిన" అని ఆమె వెనక నుంచి భుజం తడితే అతడు పోయి డోలు వెనక దాక్కున్నాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. అప్పుడు నవ్వింది చూడండి, ఆ ఎండలో కూడా చలేసింది. చివరికి, "సచ్చినా నిన్నిడువ బావా" అన్నప్పుడు మరిది వైపు చూడలేదు. ఎవరితో అంటున్నదో ఊరందరికీ తెలుసు. పటేలు కూడా కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆట అయ్యాక రంగు కడుక్కుంది గానీ బొట్టు ఉంచుకుంది. మర్నాడు బావి దగ్గర ఒకామె అడిగితే, "దయ్యం ఇంక దిగలే అక్కా" అని బిందె నెత్తికెత్తుకుంది. ఆమె బతికున్నన్నాళ్లూ అది దిగలేదు. ఆమె మా వాడకట్టు మనిషని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే.

నా భర్త పోయినప్పుడు బొట్టు తుడవడానికి ఆడవాళ్లు నా చుట్టూ చేరారు. నేను నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. "బాలమణక్క పట్టింది నన్ను. దగ్గరికి రాకుండ్రి" అన్నాను. చిన్నవాళ్లు బిత్తరపోయారు. నాటి ఆట చూసిన ఒక ముసలామె మాత్రం పకాలున నవ్వి, కుంకుమ భరిణె నా ముందుకు జరిపింది.