హత్సుయె పెట్టే పళ్ళెం

ఆ రేవులో హత్సుయెది అటూ ఇటూ కాని బతుకు. చేపలు చీల్చి ఎండబెట్టే పని, ఒంటిగది కొంప, నలభై రెండేళ్ళ వయసు. మూడేళ్ళ కిందట తుఫానులో పన్నెండుమందితో పడవ పోయింది. పదకొండు ఇళ్ళవాళ్ళు గుళ్ళో పోయినవాళ్ళ పేరుపలకలు పెట్టించుకున్నారు. నెలకోసారి అక్కడ చేరి కలిసి ఏడ్చి, కలిసి టీ తాగి, కాస్త తేలికపడేవారు. హత్సుయె మాత్రం మొగుడు కన్జిరోకు పలక పెట్టనివ్వలేదు. శవం కళ్ళబడందే ఎలా ఒప్పుకుంటుంది? మొగుళ్ళున్న ఆడవాళ్ళు ఆమెను పిలిచేవారు కాదు. మొగుళ్ళు పోయినవాళ్ళ దగ్గరికి తానే వెళ్ళేది కాదు.

దూరం వెళ్ళినవాళ్ళ క్షేమం కోసం ఇంట్లో పెట్టే ఆచారం ప్రకారం రోజూ పొద్దున్న అతనికో పళ్ళెం పెట్టేది. అన్నం, చేప, మూతేసిన చారు, గిన్నె పక్కన పడుకోబెట్టిన తినే పుల్లలు. కాసేపాగి మూత తీసి, లోపల నీటిబొట్లుంటే మనిషి క్షేమమేనని సంబరపడేది.

"వేడి చారు మీద మూతేస్తే చెమ్మ పట్టక ఏం పడుతుందే, పిచ్చిమొహమా!" అనేది పక్కింటి మట్సు. ఆమె మొగుడూ అదే పడవలో పోయాడు.

"పట్టింది కదా వదినా. నాకదే చాలు."

ఆ వేసవిలో పట్నం నుంచి సినిమావాళ్ళు దిగారు. సముద్రం మొగుణ్ణి మింగిన ఆడదాని కథట. హీరోయిన్ చేతులు మరీ సుకుమారంగా ఉన్నాయి, మోటుచేతులు కావాలన్నారు. మట్సు హత్సుయెను ముందుకు తోసింది.

"మొహం కనబడదటే, చేతులే. పళ్ళెం పెట్టడం నీకంటే ఎవరికొచ్చు?"

రోజూ చేసే పనే కదా అని, లోలోపల మురిసిపోతూ వెళ్ళింది. అన్నీ సర్ది, పుల్లలు పక్కన పెట్టింది.

"అలా కాదమ్మా," అన్నాడు దర్శకుడు. "కథలో మొగుడు పోయాడని తెలిసిపోయింది కదా. అన్నంలో నిలబెట్టండి."

హత్సుయె చెయ్యి ఆగిపోయింది. చచ్చినవాళ్ళ అన్నంలో తప్ప పుల్లలు నిలబెట్టరు. చుట్టూ చేరిన పదకొండుమంది విధవరాళ్ళలో ఎవరూ నవ్వలేదు.

"నువ్వొద్దులే, ఇటు రావే. నేను చేస్తాను," అంది మట్సు, పుల్లల కోసం చెయ్యి చాపి.

ఇన్నాళ్ళూ వీళ్ళంతా తమతో కలిసి ఏడవడానికి తన కోసం కాచుకుని ఉన్నారని హత్సుయెకు అప్పుడు తోచింది. పుల్లలు రెండూ కలిపి పట్టుకుని అన్నం నడిమధ్య గుచ్చింది. దుఃఖం తన్నుకొచ్చి అందరి ముందూ బావురుమంది.

"అద్భుతం!" అన్నాడు దర్శకుడు. "కానీ మబ్బు అడ్డొచ్చింది. ఇంకొక్కసారి చెయ్యండమ్మా."

హత్సుయె కళ్ళు తుడుచుకుంది.

"ఈ ఒక్కసారికే మూడేళ్ళు పట్టింది బాబూ," అంది.