ఇల్పో నాలుగు మిల్లీ ఆంపియర్లు

ఇల్పోకు సున్నా అంటే గిట్టదు. ఉత్తరాన ఒక చలిదేశంలో, కాగితపు మిల్లులో ముప్పై ఎనిమిదేళ్లుగా మోటార్లు చూసుకుంటున్న ఆ ఎలక్ట్రీషియన్ కప్పులో కాఫీ ఏనాడూ పూర్తిగా తాగలేదు. అడుగున ఒక గుక్క మిగలాల్సిందే. దాల్చినచెక్క బన్నులో చివరి ముక్క ప్లేటులో ఉండిపోవాల్సిందే. ఆవిరిస్నానం అయ్యాక కూడా పొయ్యిలో రెండు నిప్పులు కునుకు తీస్తూ ఉండాల్సిందే. ఎలా ఉన్నావని అడిగితే "తొమ్మిదిన్నర" అంటాడు. పెళ్లిరోజున అడిగినవాళ్లకు "పదిహేను" అన్నాడట. మిగతా ఐదూ ఏమయ్యాయని అతని భార్య ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

ఈ లెక్క మోటార్ల దగ్గర అబ్బింది. మోటారు ఎంత వేగంగా తిరగాలో చెప్పే కబురు ఆ మిల్లులో సన్నని కరెంటుగా తీగ వెంట వెళ్తుంది. ఇరవై మిల్లీ ఆంపియర్లంటే పూర్తి వేగం. నాలుగంటే ఆగి ఉండమని. అసలేమీ రాకపోతే తీగ తెగిందని. ఆగిపోవడం వేరు, తెగిపోవడం వేరు అని కొత్తగా చేరిన ప్రతివాడికీ ఇల్పో టోపీ తీసి మరీ బోధించేవాడు. వాళ్లు కూడా భయానికి టోపీలు తీసి వినేవారు.

మీర్వాకు వినేంత తీరిక లేదు. పెద్ద రోలరును తిప్పే పాత డీసీ మోటారుకు, దాని వేగాన్ని అదుపు చేసే కొత్త డ్రైవ్ పెట్టె బిగించడానికి వచ్చిన ఇంజనీరు ఆమె. తన పేరు మీద వచ్చిన మొదటి పని. శుక్రవారం మధ్యాహ్నానికి కాగితం యంత్రమంతా కదలాలి. పాత తీగలన్నీ పీకేసినట్టు మిల్లు తరఫున ఇల్పో సంతకం చేయాలి. ఈ రెండూ జరగకపోతే రెండో పని ఉండదని హెడ్డాఫీసు ఎంతో మర్యాదగా తెలియజేసింది.

జూన్ నెల. ఈ పని కోసం మిల్లు ఆపేయడంతో పక్కన నది పారుతున్న చప్పుడు లోపలిదాకా వినబడుతోంది. తెరిచిన తలుపుల్లోంచి బయటి చెట్ల తెల్లటి దూదిపింజలు తేలివచ్చి, ఎక్కడ వాలాలో తోచక గాలిలోనే ఉండిపోతున్నాయి.

రోలరును పరీక్షించడానికి మీర్వా మొదట వేగాన్ని ఒక్క గంతులో పెంచే సంకేతం ఇచ్చింది. రోలరు ఉలిక్కిపడింది. నిద్రపోతున్నవాణ్ని చెవి పట్టి లేపావన్నాడు ఇల్పో. తర్వాత వాలు ఎక్కించినట్టు మెల్లగా పెంచింది. రోలరు ఒళ్లు విరుచుకుని లేచింది. చివరికి అలలా పెరిగి తగ్గే సంకేతం ఇచ్చింది. అంత బరువైన ఇనుమూ ఊపిరి పీల్చి వదులుతున్నట్టు నెమ్మదిగా వేగం హెచ్చి, నెమ్మదిగా తగ్గసాగింది. ఇద్దరూ దాన్నే చూస్తూ పావుగంట కూర్చుండిపోయారు. ఆ పావుగంటను మీర్వా నివేదికలో 'స్థిరత్వ పరీక్ష' అని రాసింది.

గురువారం పాత తీగలన్నీ పోగా ఒక్క జత మిగిలింది. మిల్లంతా కరెంటు కట్టేసి ఉంది. అయినా మీటరు పెట్టి చూస్తే ఆరు మిల్లీ ఆంపియర్లు. చూస్తుండగానే నాలుగుకు దిగింది, మళ్లీ మెల్లగా ఎనిమిదికి పాకింది. ఆమె కటింగ్ ప్లయర్ అందుకుంది. ఇల్పో తీగ మీద అరచెయ్యి పెట్టాడు.

"అది వాడుకలో ఉందమ్మాయ్."

"డ్రాయింగులో లేదే."

"డ్రాయింగులో నేనూ లేను."

ఇల్పో చెయ్యి తీయలేదు. మీర్వా తీగ వెంబడి నడిచింది. అది గోడ దాటి, కంచె వెంట చాలాదూరం సాగి, ఎర్రపళ్ల చెట్ల మధ్యగా పసుప్పచ్చ రంగు కొయ్య ఇంట్లోకి దూరింది.

అది హిల్కా ఇల్లు. ఆ యంత్రాన్నే ముప్పై ఏళ్లు నడిపిన మనిషి. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఒంటరిగా ఉంటుంది. రేడియోలో ఊగుతూ సాగే పాత వాల్ట్జ్ పాట వస్తోంది. ఆమె కళ్లు మూసుకుని, కిటికీ గట్టు మీద తీగ చివరనున్న ఇత్తడి తిప్పుడు పిడిని పాటతోపాటు అటూ ఇటూ తిప్పుతోంది.

మీర్వా తిరిగొచ్చేసరికి ఇల్పో గదిలో, అరమీద, చిన్న మోటారుకు తగిలించిన బిర్చ్ చెట్టు బెరడు రెక్కలు అదే పాటకు హెచ్చుతూ తగ్గుతూ తిరుగుతున్నాయి. పక్కన బ్యాటరీ. ఎదురుగా కుర్చీ.

"ఫోనులో మాట్లాడటం ఆమె వల్ల కాదు కదా," అన్నాడు ఇల్పో, దొంగతనం ఒప్పుకున్నట్టు.

"గంట బొత్తాం పెట్టొచ్చుగా?"

"బొత్తాం ఆపదొక్కటే చెబుతుంది. ఆమెకు చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి."

పొద్దున్నే రెక్కలు మెల్లగా వేగం అందుకుంటే లేచి కాఫీ పెట్టుకుందని. ఒక్కసారిగా ఎగిరిపడితే హాకీలో మనవాళ్లు గోలు సమర్పించుకున్నారని. చలికాలంలో ఒకసారి రెక్క ఊడి ఇల్పో గడ్డానికి తగిలింది కూడా. కదలకుండా నాలుగు దగ్గర నిలిచి ఉంటే కునుకు తీస్తోందని. ఆపదొస్తే తీగ ఊడలాగమన్నాడు; సున్నా అయితే రెక్కల పక్కన ఎర్రదీపం వెలుగుతుంది. రెండేళ్లలో రెండుసార్లు సున్నా వచ్చింది. మొదటిసారి ఎలుక కొరికింది. ఇల్పో మేజోళ్లతోనే పరిగెత్తి వెళ్తే హిల్కా కాఫీ ఇచ్చి పంపింది. రెండోసారి ఎలుక కాదు.

"నీ పని చెడగొడుతున్నానని తెలుసు," అన్నాడతను. "అయినా ఆ తీగ పోయిందని సంతకం పెట్టలేను."

శుక్రవారం పొద్దున మీర్వా ఆ జతను కొత్త డ్రైవ్ పెట్టెలో ఖాళీగా ఉన్న చోట బిగించి, డ్రాయింగులో ఒక వరస చేర్చింది. కొలిచేది: కుశలం. నాలుగు కన్నా తగ్గితే చేయవలసినది: ఇల్పో సైకిలెక్కుతాడు. ఇల్పో రెండుసార్లు చదివి, ఇక అది పాత తీగ కాదు కాబట్టి సంతకం పెట్టాడు. పన్నెండింటికి ఐదు నిమిషాల ముందు యంత్రం ఏ తొందరా లేకుండా కదిలింది.

వారం తర్వాత హెడ్డాఫీసు నుంచి జవాబొచ్చింది. డ్రాయింగుకు ఆమోదం, అదే మిల్లులో రెండో పని, ఒక్క సందేహం. ఇల్పో సెలవులో ఉంటే ఎవరు?

మీర్వా ఆ ప్రశ్న ఎదుటి గడిలో తన పేరు రాసి, సైకిలు కొనుక్కోవడానికి వెళ్లింది.