ఆదిలాబాద్‌లో రెగే, ముందు వరుసలో మా మామ

మా మామను ఆదిలాబాద్ బస్సెక్కించడానికి నాకు నెల రోజులు పట్టింది. కారణం మా బామ్మర్ది రమేశ్. హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలేసి ఒక రెగే బృందంలో బాస్ గిటార్ వాయిస్తున్నాడు. రెగే అంటే ఎక్కడో జమైకా దీవిలో పుట్టిన సంగీతం; నిదానంగా, బరువుగా ఊగుతూ సాగుతుంది. కొడుకు వాయిస్తుంటే మామ ఇంతవరకు వినలేదు. ఆయన సిరిసిల్లలో ముప్పై ఏళ్ళు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. "నాలుగే తీగెలట. నాలుగు పోగులు పెట్టుకొని ఏం నేస్తడు వాడు?" అని కొట్టిపారేసేవారు. ఏడాది కింద పని మానేసి, కరీంనగర్‌లో మా ఇంట్లోనే ఉంటున్నారు.

ఆదిలాబాద్‌లో కచేరీ ఖాయం కాగానే రమేశ్ నాకు ఫోన్ చేశాడు. "బావా, బాపును జర ముందు వరుసల కూసోబెట్టు. ఒక్కసారి వింటే చాలు. బాగలేదంటే గిటార్ అమ్మేసి మల్ల నౌకరీ చూసుకుంట" అన్నాడు. మాటలో నవ్వు లేదు. ఆ సంగతి చెప్పినా మామ రానన్నారు. దాంతో మా ఆవిడ రెండు రోజులు తండ్రితో మాట్లాడటం మానేసింది. మూడో రోజు మామ సంచి సర్దుకున్నారు.

ఉదయం తొమ్మిదింటికి కరీంనగర్ బస్టాండులో ఎక్కాం. మీరు వెళ్ళదలిస్తే డ్రైవర్ వెనకాల సీటు పట్టుకోండి. నాకు దొరికింది చివరి వరుస. నిర్మల్ చేరేసరికి నా నడుము నాది కాకుండా పోయింది. మా ఆవిడ కట్టిచ్చిన బియ్యప్పిండి సర్వప్పలు జగిత్యాల రాకముందే అయిపోయాయి, ఎక్కువ తిన్నది నేనే. మెట్‌పల్లిలో ఎక్కిన పత్తి బేరగాడొకాయన ఎక్కడికని అడిగితే రెగే గురించి చెప్పాను. అంతా శ్రద్ధగా విని, అక్కడ అన్నం పెడతారా అని అడిగాడు. తెలియదన్నాను. "మరి గంత దూరం ఎందుకు పోవుడు?" అన్నాడు. మామ మొదటిసారి ఎవరితోనో ఏకీభవిస్తూ తలూపారు.

నిర్మల్‌లో భోజనం చేసి, కొండల మీది ఘాటు రోడ్డు దాటి, మూడున్నరకు ఆదిలాబాద్‌లో దిగాం. బస్టాండు ఎదురుగా లాడ్జి. అక్కడి మనిషి ముందు మరాఠీలో పలకరించి, నా మొహం చూసి తెలుగులోకి దిగాడు. కాస్త నడుం వాల్చమంటే మామ వినలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, రోడ్డు మీద పోయే పత్తి లారీలను చూస్తూ కూర్చున్నారు.

కచేరీ ఒక పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు పక్క మైదానంలో. ఏడింటికి మొదలన్నారు గానీ, శాలువాలు కప్పడానికే గంట పట్టింది. జడలు కట్టిన జుట్టుతో ప్రధాన గాయకుడు రాగానే ఇద్దరు ముసలమ్మలు ఏ బాబానో అనుకుని దండం పెట్టారు. అతనూ బుద్ధిమంతుడు, నెత్తిన చెయ్యి పెట్టి దీవించాడు.

ఎనిమిదింటికి పాట అందుకున్నారు. స్పీకరు సరిగ్గా మా ముందే ఉంది. ఒక్కొక్క దెబ్బకు నా చొక్కా గుండీలు వణికాయి. కుర్రాళ్ళంతా లేచి ఊగుతున్నారు. రమేశ్ మాత్రం గిటార్ వంక చూడటం లేదు, తండ్రినే చూస్తున్నాడు. రెండో పాటకు నేనూ పక్కకు తిరిగి చూశాను. మామ నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు.

మోచేత్తో పొడిచాను, కదల్లేదు. నాకు ఓ పక్క సిగ్గు, ఓ పక్క ఆశ్చర్యం. పని మానేసిన నాటి నుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదు. మా ఇంట్లో తెల్లవార్లూ వంటింటికీ వాకిలికీ తిరుగుతుంటారు. డాక్టరిచ్చిన గోలీలూ పనిచేయలేదు. ఆ మనిషి ఈ మోతలో గుర్రు పెడుతున్నారు.

మధ్యలో ఒక పాటలో వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. మామ దిగ్గున లేచి నిలబడి, గాలిలో దేన్నో పట్టుకోబోయారు. మళ్ళీ దెబ్బ పడగానే కూర్చుని నిద్రలోకి జారుకున్నారు. వెనక వరుసంతా నవ్వింది. రమేశ్ తల దించుకున్నాడు.

కచేరీ అయ్యాక స్టేజీ వెనక్కి వెళ్ళాను. మామ నిద్రలేమి సంగతంతా చెప్పాను. రమేశ్ నమ్మలేదు. "నన్ను ఓదార్చకు బావా. బాపుకు నచ్చలే, గంతే" అని గిటార్‌ను పెట్టెలో పెట్టేశాడు. అప్పుడు వాడిని చూస్తే నిజంగా జాలేసింది.

పొద్దున బస్టాండు పక్క హోటల్లో ముగ్గురం పూరీలు తింటున్నాం. మామ చెయ్యి కడుక్కొచ్చి, "మంచిగ వాయించినవ్ బిడ్డా" అన్నారు.

"నువ్వు వినలే కదా బాపు" అన్నాడు రమేశ్.

"సాంచా సక్కగ నడుస్తుంటేనే నిద్ర పడ్తది. ఒక్క పోగు తెగినా సప్పుడు మారుతది, మెలకువొస్తది. నిన్న ఒక్కపారే లేచిన. నడుమ ఏదో తెగినట్టున్నది."

"తెగలే బాపు. అక్కడ మేమే ఆపినం."

"గట్ల ఆపుకుంట పోతే బట్ట ఎప్పుడయితది?" అన్నారు మామ, మందలింపుగానే.

రమేశ్ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, తండ్రి సంచి తీసుకుని బస్సు దాకా వచ్చాడు. ఎక్కేముందు తను వాయించిన పాటలు మామ ఫోన్‌లో ఎక్కించి ఇచ్చాడు.

గుడిహత్నూర్ దాటాక మామ ఆ పాటలు గట్టిగా పెట్టారు. ఘాటు రాకముందే గుర్రు మొదలైంది. కండక్టర్ వచ్చి, అందరూ పరేషాన్ అవుతున్నారు, ఫోన్ బంద్ చేయించమన్నాడు. "బంద్ చేస్తే లేస్తడన్నా. ఏడాది సంది నిద్ర లేదు. వాయిస్తున్నది ఆయన కొడుకే" అన్నాను. కండక్టర్ ఒక నిమిషం మామ మొహం చూసి, తన సీటుకు వెళ్ళిపోయాడు.

రెగే ఎలా ఉందని అడిగితే ఈ రోజుకూ నేను సరిగ్గా చెప్పలేను. నిర్మల్‌లో భోజనాలకు బస్సు ఆగితే మాత్రం ఆకలి దంచేస్తున్నా నేను దిగలేదు. పాట అయిపోయినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి పెట్టడానికి ఆయన పక్కన ఒక మనిషి ఉండాలి కదా.